బాపమ్మ వద్దన్న మాట

1986 తర్వాత మా ఇంట్లో ‘పిచ్చి’ అనే మాట వినపడలేదు. బాపమ్మ వద్దన్నది. నాన్నను బాపు అనీ, నాన్నమ్మను బాపమ్మ అనీ పిలుస్తాం మేము. పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పలేదు, కోప్పడనూ లేదు. ఎవరి నోటి నుంచైనా ఆ మాట వచ్చిందంటే చేస్తున్న పని ఆపి, వాళ్ల వైపు ఒకసారి చూసేది. ఆ చూపు చాలు. పెరట్లోని పిచ్చిమొక్కలు గడ్డిమొక్కలయ్యాయి. నోటుబుక్కు చివరి పేజీలో నేను గీసే పిచ్చిగీతలు ఉత్త గీతలయ్యాయి. ‘పిచ్చి తల్లీ’ అంటూ నన్ను దగ్గరికి తీసుకునే బాపు, ‘తల్లీ’తో సరిపెట్టుకోవడం నేర్చుకున్నాడు. మాటకో సామెత వేసే బాపమ్మ, రోకలి తలకు చుట్టమన్న వాడి సామెతను మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఆ మాట లేకుండా తెలుగులో ఒక్క రోజు గడపడం ఎంత కష్టమో ప్రయత్నించి చూస్తేనే తెలుస్తుంది. మా ఇల్లు అలా ఏళ్ల తరబడి గడిపింది.

ఆ సంవత్సరమే మా మేనత్త రేకుపెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది.

అప్పుడు మేము వరంగల్ గిర్మాజీపేటలో ఉండేవాళ్లం. పెంకుటిల్లు, వెనుక చిన్న పెరడు, పెరట్లో నల్లా, దాని పక్కన నీళ్ల గోలెం. బాపు ఆజంజాహీ మిల్లులో పనిచేసేవాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. దాని సైరన్‌తోనే మా పొద్దు మొదలయ్యేది. అత్త వచ్చాక మాత్రం సైరన్ కంటే ముందే నల్లా దగ్గర చెంబు చప్పుడుకు మెలకువ వచ్చేది.

నేను ఏడో తరగతి. అత్తకు ఇరవై రెండేళ్లు. చీకటితోనే లేచి, నల్లా రాగానే ఇత్తడి చెంబును చింతపండుతో, బూడిదతో తోమేది. కడిగేది. కడిగిన చెంబు మీద నేల నుంచి ఒక్క చుక్క చింది పడిందా, మళ్లీ మొదటి నుంచి తోమేది. పెదవులు కదులుతుండేవి. దేవుడి పేరు తలుచుకుంటోంది అనుకునేదాన్ని. ఒకరోజు దగ్గరికి వెళ్లి విన్నాను. లెక్కపెడుతోంది. ఏడుసార్లు కడగాలి. మధ్యలో లెక్క తప్పితే ఒకటి నుంచి మళ్లీ. నన్ను చూడగానే లెక్క తప్పింది. ఏమీ అనలేదు, చెంబు మళ్లీ నల్లా కింద పెట్టింది. నా వల్ల ఇంకో ఏడుసార్లు.

ఆ చేతులు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నాయి. వేళ్ల కణుపుల మీద తోలు పగిలి ఎర్రగా ఉండేది. అరచేతులు నీళ్లలో నానిన కాగితంలా తెల్లగా ముడతలు పడి ఉండేవి. రాత్రి బాపమ్మ ఆముదం రాసేది. జిడ్డు ఒంటికి పట్టిందంటే అత్తకు నిద్ర ఉండదు. అందరూ పడుకున్నాక లేచి వెళ్లి కడుక్కునేది, కడుక్కుంటూ ఏడ్చేది. ఒక రాత్రి నేను వెనకాలే వెళ్లి “చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదా అత్తా” అన్నాను.

“నాకు తెలుసు బిడ్డా. శుభ్రంగానే ఉన్నాయి. నా మనసే ఒప్పుకోదు” అన్నది.

పన్నెండేళ్ల పిల్లకు ఆ మాట అర్థం కాలేదు. ఆ జబ్బు గురించి తర్వాత నేను ఎంత చదివినా, అంతకంటే సూటిగా చెప్పిన వాక్యం ఎక్కడా దొరకలేదు.

అత్తను ఇచ్చింది జనగామ వైపు ఒక పల్లెకు. పెళ్లయిన కొత్తలో అత్తింటివాళ్లు మెచ్చుకున్నారట, కోడలికి శుభ్రత ఎక్కువని. తర్వాత పొద్దున వంట ఆలస్యమైంది, పొలానికి సద్ది ఆలస్యమైంది, బావి దగ్గర నీళ్ల కోసం మాటలు పెరిగాయి. ఇరుగుపొరుగులో ఎవరో ఒకరు ‘పిచ్చి’ అన్నారు. ఆ మాట పడ్డాక ఇక ఏ పని చేసినా దాని కిందికే వచ్చింది. నవ్వితే పిచ్చినవ్వు, మాట్లాడకపోతే పిచ్చిమౌనం. చివరికి మా ఇంటి ముందు పంచాయితీ కూర్చుంది. “పిచ్చి పిల్లను అంటగట్టారు” అన్నాడు అటువైపు పెద్దమనిషి. ఇటువైపు మగవాళ్లు తలలు దించుకున్నారు. తలుపు వెనుక నేనూ అత్తా నిలబడి ఉన్నాం. అత్త కొంగు అంచును వేళ్ల మధ్య రుద్దుతూ నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. ఆ పంచాయితీ ముగిసేదాకా ఎవ్వరూ ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆ పెద్దమనిషిని ఒక్కణ్నే ఏమని లాభం? ఆనాటికి ఈ దేశంలో మనసు జబ్బులకున్న చట్టం పేరు ఇండియన్ లూనసీ యాక్టు. 1912 నాటిది. లూనా అంటే లాటిన్‌లో చంద్రుడు. చంద్రుడి వల్ల మతి చలిస్తుందని ఎప్పుడో అనుకున్న మాట, మా అత్త కాపురం కూలిన నాడు కూడా చట్టం పుస్తకంలో అచ్చై ఉంది. ఆ మాటను తీసేసిన చట్టం మరుసటి ఏడు, 1987లో వచ్చింది. అమలులోకి రావడానికి 1993 దాకా పట్టింది.

పంచాయితీ జరిగిన రాత్రే బాపమ్మ ఇంట్లో ఆ మాటను ఆపేసింది. దాని స్థానంలో ఇంకో మాట తెచ్చింది. పరామర్శకు వచ్చినవాళ్లు “ఏమైంది పిల్లకు” అని అడిగితే, “మనాది బిడ్డా” అనేది.

మా వైపు వాళ్లకు ఈ మాట చెప్పనక్కరలేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. లోపల పెట్టుకుని మనిషిని తినేసే బాధ మనాది. రంది దానికి చెల్లెలు లాంటిది. సంస్కృతం ఒంటి బాధను వ్యాధి అన్నది, మనసు బాధను ఆధి అన్నది. రెండూ కలిపి ఆధివ్యాధులు అంటాం. మనాదిలో నాకు ఆ ఆధే వినిపిస్తుంది. తెలుగు పంతులమ్మను కనుక ఇవన్నీ తర్వాత తెలుసుకున్నాను. బాపమ్మకు అక్షరం రాదు. కానీ ఏ మాట వింటే మనుషులు దగ్గరికి వస్తారో, ఏ మాట వింటే పిల్లల చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంటారో ఆమెకు తెలుసు. మనాది అన్నాక మా వీధి ఆడవాళ్లు వచ్చి అత్త పక్కన కూర్చునేవారు. “తిన్నదా” అని అడిగేవారు. పూలు తెచ్చేవారు. ఒకామె తన కూతురు జాకెట్లు అత్తకే కుట్టడానికి ఇచ్చింది, ఆ చేతులతోనే.

బాపమ్మ చేయని ప్రయత్నం లేదు. కొమురవెల్లి మల్లన్నకు మొక్కింది. కాజీపేట దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. అత్త ఆ తాయెత్తును కూడా ఏడుసార్లు కడిగి కట్టుకుంది. దేవుళ్ల దగ్గరికి తిప్పినందుకు నేను బాపమ్మను తప్పుపట్టను. ఆమెకు తెలిసిన తలుపులన్నీ తట్టింది.

ఇక నా తప్పు చెప్పాలి. తొమ్మిదో తరగతి సంవత్సరాంత పరీక్షలప్పుడు, బడి నుంచి వస్తుంటే నా సంచి మోరీ అంచుకు తగిలింది. అత్త చూసింది. నేను అన్నం తింటుండగా సంచిని పుస్తకాలతో సహా గోలెంలో ముంచింది. మర్నాడు సాంఘిక శాస్త్రం పరీక్ష. నీలి సిరా నోట్సంతా నీళ్లలో కలిసిపోతోంది. నేను అరిచిన అరుపు వీధంతా విన్నది. “నువ్వు మెంటల్! నిన్ను ఎర్రగడ్డలో వేయాలి!”

ఇంట్లో ‘పిచ్చి’ అనకూడదు కనుక బడిలో నేర్చుకున్న మాట వాడాను. అప్పటికి బడిలో ఎవరిని ఏడిపించాలన్నా అదే మాట. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఎర్రగడ్డలో ఉంది కనుక ఆ ఊరి పేరే తిట్టయిపోయింది. ఛాతీ ఆసుపత్రి ఉన్నదీ అక్కడే, కానీ దగ్గొచ్చిన వాణ్ని ఎర్రగడ్డ పేరుతో ఎవరూ ఎగతాళి చేయలేదు. మా వీధిలో ఒకాయన అక్కడ ఉండి, నయమై, బస్సెక్కి ఇంటికొచ్చాడు. బతికినంత కాలం చుట్టాల ఇంటికి వెళ్లి వచ్చానని చెప్పుకున్నాడు. నయమైన సంగతి చెప్పుకోవడానికి కూడా మేము ఆయనకు చోటు ఉంచలేదు.

బాపమ్మకు ‘మెంటల్’ అంటే ఏమిటో తెలియదు. కానీ అత్త ముఖం చూసింది. ఆ తర్వాత నా ముఖం చూసింది. నేను ఏడుస్తూ పడుకున్నాను. తెల్లవారుజామున లేచి చూస్తే, అత్త దీపం ముందు కూర్చుని ఉంది. చెంబులో నిప్పులు పోసి, నా నోట్సును పేజీ పేజీకీ ఇస్త్రీ చేస్తోంది. ఒక్కో పేజీ మీద పాత పంచె ముక్క పరవడం, దాని మీద చెంబు నడపడం, ఆరిందో లేదో చెంపకు ఆనించి చూడడం. నిప్పుల బూడిద ఆమె వేళ్ల నిండా ఉంది. కడుక్కోలేదు. రాత్రంతా అలా ఎలా కూర్చుందో, లోపల ఎంత యుద్ధం చేసిందో నాకు అప్పుడు తెలియదు. “చాలావరకు కనపడుతున్నాయి, చదువుకో” అని పుస్తకం ఇచ్చి, నల్లా దగ్గరికి పరుగెత్తింది.

1993లో, బాపుతో మిల్లులో పనిచేసే ఒకాయన చెప్పగా, హనుమకొండలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. నేను డిగ్రీ చదువుతున్నాను. ఆయన బాపు చెప్పబోతుంటే ఆపి, అత్త వైపు తిరిగి, “ఎన్నిసార్లు కడగాలి అనిపిస్తుందమ్మా” అని అడిగారు. అత్త వింతగా చూసింది. ఏడేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. “ఏడు” అన్నది. “లెక్క తప్పితే?” అన్నారు. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకొక్కదానికే ఉందనుకున్నది ఎదుటివాడికి ముందే తెలుసు.

జబ్బు పేరు నా చేత మందుల చీటీ వెనుక తెలుగులో రాయించాడు బాపు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, పొట్టిగా ఓసీడీ. వద్దన్నా మళ్లీ మళ్లీ చొరబడే ఆలోచన ఒకటి, దాని పోరు పడలేక చేసే పని ఇంకొకటి. చేస్తే కాసేపు శాంతి. ఆ శాంతి వల్లే మళ్లీ చేయాలనిపించడం. ఇది మతి లేకపోవడం కాదనీ, చేస్తున్నది అక్కరలేని పని అని చాలామందికి తెలుస్తూనే ఉంటుందనీ, తెలిసీ ఆగలేకపోవడమే ఇందులోని నరకమనీ వివరించారు. మాత్రలు పనిచేయడానికి వారాలు పడుతుందన్నారు. మాత్రలతో పాటు ఒక సాధన కూడా చెప్పారు: నేల మీద పెట్టిన చెంబును ముట్టుకుని, చెయ్యి కడుక్కోకుండా కూర్చోవాలి. భయం ఎక్కుతుంది, ఎక్కి ఎక్కి దానంతట అదే దిగుతుంది. దిగేదాకా ఆగాలి. మొదటి రోజు బాపమ్మ అత్త రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని గడియారం కింద కూర్చుంది. అత్త ఒళ్లంతా వణికింది. బాపమ్మ వదలలేదు.

ఇప్పుడు నేను హనుమకొండలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. మొన్న స్టాఫ్‌రూములో ఒక టీచరు హాజరు పుస్తకాల అంచులు సమంగా సర్దుతూ “నాకు కొంచెం ఓసీడీ ఉందండీ” అని నవ్వింది. మంచి మనిషి. పిల్లలంటే ప్రాణం పెడుతుంది. ఆమె మాట తప్పని గొడవ పడలేదు. కానీ నాకు గోలెంలో తేలిన నా సంచి కనపడింది, పగిలిన ఆ కణుపులు కనపడ్డాయి. సర్దితే సంతోషం కలిగేది అలవాటు. మా అత్తకు కడగడంలో ఒక్కరోజూ సంతోషం లేదు.

మనసు జబ్బుల మాటలను ఇలా వాడడం చుట్టూ వింటూనే ఉన్నాను. పొద్దున ఎండ, సాయంత్రం వాన పడితే వాతావరణానికి బైపోలార్. కోపిష్టి మనిషి సైకో. ఒకచోట ఒక మాట, ఇంకోచోట ఇంకో మాట చెప్పేవాడికి స్కిజోఫ్రీనియా. ఈ చివరిదానికి దాని పేరే శత్రువైంది. 1908లో బ్లాయిలర్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు గ్రీకు నుంచి కూర్చిన పేరు అది, చీలిన మనసు అని అర్థం. ఆలోచన, అనుభూతి ఒకదానితో ఒకటి అతుకు తెగిపోవడం గురించి ఆయన చెప్పాడు. లోకం ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులని అర్థం చేసుకుంది. ఆ జబ్బుతో ఉన్న మనిషిని కన్నవాళ్లు ఈ అపార్థాన్ని కూడా మోయాలి.

నేను భాష మీద కర్ర పట్టుకుని నిలబడాలని చెప్పడం లేదు. పిచ్చి ప్రేమ అనకుండా ఎవరు ప్రేమిస్తారు? ‘పిచ్చి’ మనకు చెరువంత మాట, అందులో ముద్దూ ఉంది, తిట్టూ ఉంది, మొక్కా ఉంది. జబ్బు పేరు మందు సీసా మీద చీటీ లాంటిది, ఒక్కదానికే అంటించాలి. బాపమ్మ కూడా పక్కింటివాళ్ల నోళ్లు మూయించడానికి పోలేదు. తన ఇంట్లో ఎవరు వింటున్నారో చూసుకుని మాట మార్చుకుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం, పెద్దవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. చికిత్స అవసరమైన వాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా అది అందడం లేదు. మా స్టాఫ్‌రూములో ఇరవై మందిమి. ఆ లెక్కన ఇద్దరు, నోరు మెదపకుండా మా మాటలు వింటూ ఉండవచ్చు.

వినడంలో నేనూ ఒకసారి పొరపడ్డాను. పదో తరగతి పిల్లవాడు ఒకడు “డిప్రెషన్‌గా ఉంది టీచర్” అన్నాడు. ఆ రోజుల్లో పిల్లలందరూ దేనికైనా అదే అనేవారు, క్రికెట్ ఓడినా అదే, ఫోనులో చార్జింగ్ అయిపోయినా అదే. “నాకూ ఉంది, ముందు పద్యం అప్పజెప్పు” అన్నాను. తరగతి నవ్వింది. వాడూ నవ్వాడు. తర్వాత పది రోజులు రాలేదు. ఇంటికి వెళ్తే, తినడం తగ్గించాడనీ, రాత్రిళ్లు నిద్ర లేదనీ, ప్రాణంలా ఆడే కబడ్డీ కూడా మానేశాడనీ వాళ్ల అమ్మ చెప్పింది. నెల దాటిందట. రెండు వారాలకు మించి ఇలా ఉంటే వైద్యుడికి చూపించాలని ఎక్కడో చదివి, తెలిసి, నలుగురికి చెప్పిన మనిషిని నేను. 2022 నుంచి టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. వాళ్ల ఇంటి వరండాలోనే కూర్చుని ఆ నంబరు కలిపి ఇచ్చాను. వాడు ఇప్పుడు ఐటీఐ చదువుతున్నాడు, అప్పుడప్పుడు కనిపిస్తాడు. ఆ రోజు వాడు “రంది అవుతోంది టీచర్” అని ఉంటే నేను పుస్తకం మూసేదాన్ని. అరిగిపోయిన మాటతో చెప్పాడు కనుక వినలేదు.

రంది అంటే ఇక్కడ జనానికి తెలుసు. 1997–98లో పత్తి పురుగుపాలై మా జిల్లా రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్న కాలం గుర్తున్నవాళ్లకు మరీ తెలుసు. నర్సంపేట వైపు మా బంధువు ఒకాయన ఆ ఏడు పంట పోయాక మాట తగ్గించాడు. “రంది పెట్టుకున్నాడు” అన్నారు ఊళ్లో. ఆ ఒక్క మాట మీద ఆయన తమ్ముళ్లు, పక్కింటివాళ్లు వంతులు వేసుకుని రాత్రిళ్లు ఆయన అరుగు మీదే పడుకున్నారు. ఆయన ఇంకా ఉన్నాడు.

బాపమ్మ పోయి చాలా ఏళ్లయింది. మిల్లూ లేదు. అత్త నా దగ్గరే ఉంటుంది, చీరలకు ఫాల్ కుడుతుంది. పూర్తిగా నయమైందని చెప్పను. మంచి నెలలు ఉంటాయి, గడ్డు నెలలు ఉంటాయి. మందు ఉంది.

మాకు బతుకమ్మ ఎంగిలిపూలతో మొదలవుతుంది. జబ్బు ముదిరిన రోజుల్లో అత్త ఆ పేరే భరించలేకపోయేది, ఎంగిలి అన్న మాట చెవిన పడితేనే నల్లా దగ్గరికి వెళ్లిపోయేది. బతుకమ్మ పేర్చడంలో పెళ్లికి ముందు వీధిలో ఆమెను మించినవాళ్లు లేరని అమ్మ చెప్పేది. పోయిన ఏడు అమావాస్య నాడు తంగేడు, గునుగు తెచ్చి వాకిట్లో పోశాను. మట్టితోనే ఉన్నాయి. అత్త కాసేపు దూరంగా నిలబడింది. తర్వాత వచ్చి కూర్చుంది. గునుగు కాడలు కోసి, రంగులో ముంచి, తాంబాళంలో వరస వరసగా పేర్చింది. మోచేతుల దాకా గులాబీ రంగు. సాయంత్రం వేయిస్తంభాల గుడికి తానే ఎత్తుకుంది. అంత జనంలో భుజాలు తగులుతున్నా పాటకు అడుగు తప్పలేదు.

ఇంటికొచ్చాక పెరట్లో నల్లా విప్పిన చప్పుడైంది. నేను వంటింట్లోంచి వింటూ నిలబడ్డాను. ఆగింది. మళ్లీ విప్పింది. ఆగింది. అత్త చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, నేను విన్నానని గ్రహించి, వేళ్ల మీదున్న గులాబీ రంగు చూపించింది.

“రెండుసార్లే” అన్నది.